సెకండ్ హ్యాండ్ టైరు: ధర తక్కువే, మిగిలిన ఆయుష్షు ఎంత?

ముంబయి-కోల్‌కతా మార్గంలోని 53వ నంబరు జాతీయ రహదారి, జగదల్‌పూర్, కుంట మీదుగా భద్రాచలం వైపు వచ్చే 30వ నంబరు రహదారి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో కలుస్తాయి. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల నుంచి ఉక్కు మోసే లారీలకు ఇదే కూడలి. లారీ యజమానికి డీజిల్ తర్వాత పెద్ద ఖర్చుల్లో టైర్లు ఒకటి. అందుకే సగం ధరకు వచ్చే పాత టైరు ఆశ పెడుతుంది. అది నిజంగా లాభమేనా?

ధర లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు రూ.10,000 ఉన్న టైరు ఒకప్పుడు రూ.12,800 అయితే, ఇప్పుడు రూ.11,800. పాత టైరు ధరను ఈ కొత్త ధరతోనే పోల్చాలి.

కారు కొత్త టైరుకు గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. 1.6 మి.మీ.కు చేరితే మార్చాల్సిందే. అంటే వాడుకోగలిగేది 6.4 మి.మీ. పాత టైరులో 4 మి.మీ. ఉంటే నిజానికి చేతికొచ్చేది 2.4 మి.మీ., అంటే 37.5 శాతం. దాన్ని సగం ధరకు కొంటే నష్టమే.

వయసు తెలిసేదెలా?

టైరు పక్క గోడపై నాలుగంకెల సంఖ్య ఉంటుంది. '2319' అంటే 2019లో 23వ వారంలో తయారైనది. గాడులు బాగున్నా రబ్బరు కాలంతో గట్టిపడి పగుళ్లిస్తుంది. వేడి దీన్ని వేగిరం చేస్తుంది. వేసవిలో 44 డిగ్రీలు దాటే రోజులుండే రాయ్‌పూర్‌లో ఇది చిన్న విషయం కాదు. ఐదేళ్లు వాడిన టైరును ఏటా తనిఖీ చేయించాలని, తయారై పదేళ్లయితే మార్చాలని మిషెలిన్ వంటి కంపెనీలు సూచిస్తాయి.

మోసాలు ఇక్కడే

అరిగిన టైరుకు మళ్లీ గాడులు చెక్కి, నల్లరంగు పూసి అమ్మడం పాత ఎత్తుగడ. గాడుల మధ్య ఉండే అరుగుదల సూచిక దిబ్బలు కనిపించకపోతే అనుమానించాలి. లోపలి వైపు అతుకులు, పక్క గోడపై ఉబ్బు, బయటపడిన తీగలు ఉంటే ఎంత చవకైనా వద్దు. రీబటన్ టైరు వేరు. పాత టైరు చట్రం గట్టిగా ఉందో లేదో పరీక్షించి, దానిపై కొత్త రబ్బరు పొర అతికించేది అది.

ఏ చక్రానికి?

లారీ ముందు ఇరుసుకు ఒక్కో వైపు ఒక్కటే టైరు. అది పేలితే స్టీరింగ్ అదుపు తప్పుతుంది. వెనుక జంటలో ఒకటి పోతే రెండోది కాసేపైనా భారం మోస్తుంది. అందుకే పాత, రీబటన్ టైర్లను వెనక్కే పరిమితం చేయాలి. జంటలోని రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. లేకుంటే పెద్దదానిపైనే బరువంతా పడి వేడెక్కుతుంది.

చట్టం

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 94వ నిబంధన టైర్ల స్థితి గురించి చెబుతుంది. నాగ్‌పూర్ నుంచి ముంబయికి వెళ్లే సమృద్ధి మహామార్గ్‌పై 2023లో రవాణా అధికారులు అరిగిన టైర్లున్న వాహనాలను వెనక్కి పంపారు. టైరుపై మిగిల్చిన డబ్బు యజమానికి దక్కుతుంది. అది పేలినప్పుడు స్టీరింగ్ ముందు ఉండేది మాత్రం డ్రైవరు.