ఖండములు పెరుగుచున్నవా? శిలల సాక్ష్యము

మనము గోలకొండను చూడబోయినపుడు కుతుబ్ షాహీల చరిత్రను అడిగి తెలిసికొందుము. ఏ ద్వారమును ఎవరు కట్టించిరి, మొగలు సేనలు కోటను ఎట్లు ముట్టడించెను అని ఆసక్తితో విందుము. ఆ కోటను మోయుచున్న బండ ఎప్పటిదని మాత్రము అడుగము. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు గుట్టల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఈ లెక్క ఎట్లు తేలినది? అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి కలదు. ఈ బండలు పుట్టకముందు ఇచ్చట నేల ఉండెనా? భూమిపై ఖండములు మొదటినుండియు ఇంతేనా, లేక క్రమక్రమముగా పెరిగినవా? ఈ ప్రశ్నను గూర్చి శాస్త్రజ్ఞులు జరిపిన వాదము ఇటీవలి విజ్ఞాన చరిత్రలో ఒక మంచి అధ్యాయము.

ముందుగా వయస్సు సంగతి. 1897లో కెల్విన్ ప్రభువు భూమి చల్లారిన తీరును లెక్కించి, దాని ఆయువు 2 కోట్లకు, 4 కోట్లకు మధ్య ఉండునని ప్రకటించెను. అంతకు ముందటి ఏడే, 1896లో, బెకెరెల్ యురేనియములో రేడియోధార్మికతను కనుగొనియుండెను. ఆ పరిశోధనయే కెల్విన్ లెక్కను తలక్రిందులు చేసినది. యురేనియము మెల్లమెల్లగా సీసముగా మారును. కావున ఖనిజములో రెండింటి పాళ్లను తూచినచో అది పుట్టిన కాలము తెలియవలెను. 1907లో అమెరికాలో బోల్ట్‌వుడ్ ఈ పద్ధతిని ప్రయోగించి, సింహళములో దొరకిన ఒక ఖనిజమునకు 220 కోట్ల సంవత్సరములు కట్టెను. అది చాల హెచ్చు లెక్క. థోరియమునుండి పుట్టు సీసమును యురేనియపు సీసమునుండి వేరుచేయుట అప్పటికి తెలియదు. 1913లో ఇంగ్లండు రసాయనికుడు సాడీ, ఒకే మూలకమునకు వేరువేరు భారములుగల పరమాణువులు ఉండవచ్చునని చెప్పి, వానికి ఐసోటోపులు అను పేరు పెట్టెను. సమస్థానీయములని మన వారు దానిని తెనిగించిరి. అటుపై ఈ పరమాణువులను భారమును బట్టి వేరుచేసి లెక్కించు యంత్రములు వచ్చినవి. 1956లో క్లేర్ ప్యాటర్సన్ ఉల్కాశిలలలోని సీసమును కొలిచి, భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని నిర్ణయించెను. ఆ సంఖ్య నేటికిని ఇంచుమించుగా నిలిచియున్నది.

భూమి వయస్సు తెలిసినది. ఖండముల మాట యేమి? సముద్రపు అడుగున నున్న బసాల్టు శిలలలో 20 కోట్ల సంవత్సరములు దాటినవి మిక్కిలి అరుదు. అవి పుట్టుచు, మరల భూగర్భములోనికి దిగిపోవుచు ఉండును. ఖండములు అట్లు కావు. అవి తేలికయైన గ్రానైటు జాతి శిలలు, అడుగున నున్న బరువైన శిలాద్రవ్యముపై తేలియుండును. ఆ లోపలి ద్రవ్యమును భూప్రావారమందురు. పాలు కాచినపుడు పైకి తేలిన మీగడవలె, ఖండములు భూప్రావారమునుండి వేరుపడి పైకి వచ్చినవే. మీగడ తీసిన కొలదియు క్రింది పాలు పలుచనగును. ఈ సంగతియే మన కథకు కీలకము.

రుబీడియమను మూలకములో 87 భారముగల ఐసోటోపు స్ట్రాన్షియము 87గా మారును. అందులో సగము మారుటకు సుమారు 4,900 కోట్ల సంవత్సరములు పట్టును. స్ట్రాన్షియము 86 మాత్రము పెరుగదు, తరుగదు. కనుక ఈ రెంటి నిష్పత్తి ఒక గడియారమువంటిది. రుబీడియము మీగడతోపాటు పైకి చేరు స్వభావము కలది. అందువలన ఖండశిలలలో ఈ నిష్పత్తి వేగముగా పెరుగును, భూప్రావారములో నెమ్మదిగా పెరుగును. భూమి పుట్టినపుడు నిష్పత్తి 0.699. నేడు సముద్రమధ్యమున పైకి ఉబుకు బసాల్టులో అది 0.703 ప్రాంతమున ఉన్నది. పాత గ్రానైటులలో 0.710ని మించి ఎంతో పైకి పోవును. భేదము మూడవ దశాంశస్థానములో నున్నను, దాని అర్థము పెద్దది. ఒక శిలనుండి రుబీడియము హెచ్చుతగ్గులుగా నున్న పలు ముక్కలను తీసి కొలిచి, ఆ కొలతలను రేఖగా గీచినచో, ఆ రేఖ వాలు శిల వయస్సును చెప్పును. రుబీడియము సున్నయైన చోట ఆ రేఖ చూపు నిష్పత్తి, శిల పుట్టిననాటి నిష్పత్తి. అది శిలకు పుట్టుమచ్చ. పాత నేల కరగి క్రొత్త శిలయైనచో పుట్టుమచ్చ హెచ్చుగా నుండును. భూప్రావారమునుండి క్రొత్తగా వచ్చినచో తక్కువగా నుండును.

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో హర్లీయు, ఆయన సహచరులును ఖండశిలల పుట్టుమచ్చలను సేకరించి చూడగా, అనేకములు తక్కువగానే ఉండెను. అనగా ఆయా కాలములలో క్రొత్త నేల భూగర్భమునుండి వచ్చి చేరినదన్నమాట. 1970 తరువాతి తొలి ఏండ్లలో ఆక్స్‌ఫర్డులో మూర్‌బాత్ పశ్చిమ గ్రీన్‌లాండు శిలలకు ఇంచుమించు 370 కోట్ల సంవత్సరములు కట్టెను. వాని పుట్టుమచ్చయు భూప్రావారమునకు సమీపముగానే ఉండెను. కావున ఖండములు కాలక్రమమున పెరుగుచు వచ్చినవని పలువురు నిశ్చయించిరి. శిలల వయస్సులను బట్టి పటము గీచినచో, అతిపురాతన భూమి కొంచెము, తరువాతిది ఎక్కువ. ఇంక సందేహమేమి?

సందేహించినవాడు ఒకడు కలడు. ఆయన రిచర్డ్ లీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1968లో ఆయన వేసిన ప్రశ్నను మన ఊరి ఉదాహరణతో చెప్పుకొందము. ఒక గ్రామమునకు పోయి జనుల వయస్సులను వ్రాసికొన్నాము. ఎనుబదేండ్లు దాటినవారు పదిమందియే కలరు, పిల్లలు వందలకొలది కలరు. కావున ఎనుబదేండ్ల క్రిందట ఈ ఊరిలో పదిమందియే ఉండిరని చెప్పవచ్చునా? చెప్పరాదు. పోయినవారిని మనము లెక్కించలేదు. శిలల సంగతియు ఇట్లే. నేలను నదులు కోసి సముద్రములోనికి చేర్చును, ఆ ఒండ్రు సముద్రతలముతో కూడ భూగర్భములోనికి దిగిపోవును. వచ్చినంత నేల పోవుచుండినచో, ఖండముల పరిమాణము తొలినుండియు ఇంచుమించుగా ఒకటే కావచ్చును. అలుగు పారుచున్న చెరువులో క్రొత్త నీరు కనబడినంత మాత్రాన చెరువు నిన్నటివరకు ఎండియుండెనని అనము గదా.

తేలికయైన ఒండ్రు బరువైన భూప్రావారములోనికి మునుగదని పలువురు ఆక్షేపించిరి. 1976లో కాలిఫోర్నియాలో డిపావొలో, వాసర్‌బర్గ్ అనువారు నియోడిమియము అను మూలకముతో మరియొక గడియారమును అమర్చి, మీగడ తీసిన పాలవలె భూప్రావారము పలుచనైన వైనమును కొలిచి చూపిరి. అదియు వివాదమును పూర్తిగా తేల్చలేకపోయెను. ఎంత మీగడ పైకి వచ్చినదో తెలిసినను, ఎంత తిరిగి పాలలో కలిసినదో తెలియవలెను.

1982లో ఊహింపని వైపునుండి ఒక సాక్షి వచ్చెను. బెరీలియము 10 అను ఐసోటోపు ఆకాశములో పుట్టును. విశ్వకిరణములు వాయుమండలములోని నత్రజని, ఆమ్లజని పరమాణువులను తాకి దానిని పుట్టించును. వానతో దిగి అది సముద్రపు ఒండ్రులో చేరును. దాని అర్ధాయువు 14 లక్షల సంవత్సరములే గనుక భూగర్భములో అది మిగిలియుండరాదు. కాని వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ శాస్త్రజ్ఞులు, సముద్రతలము దిగిపోవు అంచులందలి అగ్నిపర్వతముల క్రొత్త లావాలో కొన్నిట దానిని కనుగొనిరి. సముద్రమధ్యపు బసాల్టులో అట్లు కనబడలేదు. ఆకాశమునుండి రాలినది ఒండ్రులో మునిగి, లోతునకు పోయి, కొద్ది పదుల లక్షల సంవత్సరములలో నిప్పుగా మరల పైకి వచ్చినది. ఒండ్రు మునుగదన్న మాట ఇంక నిలువలేదు.

అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచెనా? న్యాయముగా చెప్పవలెనన్న, సగమే గెలిచెను. నేల పోవుచున్నదని ఋజువైనది, ఎంత పోయినదో కాలేదు. ఆయన తన వాదమును విడువక తుదివరకు వ్రాసి 1991లో మరణించెను. 2001లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరకిన ఒక జిర్కాను రేణువు వయస్సు 440 కోట్ల సంవత్సరములని తేలెను. దానిని కన్న శిల ఏనాడో నశించినది, రేణువు మిగిలినది. పోయినవారు కలరని చెప్పు సాక్ష్యమే యిది. 2012లో ప్రచురితమైన ఒక గణన ప్రకారము, నేటి ఖండముల పరిమాణములో మూడింట రెండు వంతులకు సమీపమైన భాగము 300 కోట్ల సంవత్సరముల నాటికే ఏర్పడియుండెను. ఇట్లు సత్యము ఇరువురి మధ్య ఎక్కడనో ఉన్నట్లు తోచుచున్నది. వాదము నేటికిని ముగియలేదు.

ఈ చరిత్రలో మన నేలకును పాలు కలదు. 1980లో కర్ణాటకములోని గోరూరు నైసు శిలలకు 336 కోట్ల సంవత్సరములు తేలెను. మన చిత్తూరు సీమకు పొరుగుననున్న కోలారు బంగారు గనుల పట్టీకి ఇరువైపుల నున్న శిలలు వేరువేరు చరిత్రలు కలవియని 1989లో భారతీయ, అమెరికన్ శాస్త్రజ్ఞులు కలిసి చూపిరి. 253, 242 కోట్ల సంవత్సరముల నడుమ ఆ రెండు నేలలు ఒకదానినొకటి ఒత్తుకొని అతుకుకొన్నవి. మనము ఒకే నేలయని త్రొక్కుచున్నది నిజమునకు అతుకుల బొంత.

ఈసారి గోలకొండ మెట్లెక్కునపుడు ఆ బండపై చేయి వేసి చూడుడు. అది భూగర్భమునుండి క్రొత్తగా వచ్చినదో, అంతకు పూర్వమొకసారి నేలయై, కరిగి, మరల నేలయైనదో, ఆ లెక్క అందులోనే పరమాణువులుగా వ్రాయబడియున్నది. రాజులు తమ శాసనములను రాతిపై చెక్కించిరి. ప్రకృతి తన శాసనమును రాతిలోపల వ్రాసికొన్నది. చదువుట మనము ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్నాము.