కూర్మ సంరక్షణము: ఉత్తరాంధ్ర తీరమును, పొరుగుదేశముల సహకారమును

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సముద్రతీరమునకు ఏటేట గుడ్లు పెట్టుటకు వచ్చు ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లను, శ్రీకూర్మ క్షేత్రమున భక్తుల ఆదరమున పెరుగుచున్న నక్షత్ర తాబేళ్లను కాపాడుటకై భారతదేశమును దాని పొరుగుదేశములును గడచిన అర్ధశతాబ్దమున చేసికొన్న ఒడంబడికల చరిత్ర ఈ వ్యాసమునకు విషయము. ఈ రెండు ప్రాణులలో ఒకటి సముద్రమును, రెండవది మెట్టనేలను ఆశ్రయించినవి. మొదటిది తనంత తానుగా దేశముల హద్దులు దాటిపోవును, రెండవదానిని దొంగలు మూటగట్టి దాటింతురు. ఈ భేదమువలననే వీనికొరకు ఏర్పడిన సహకారమును రెండు వేరువేరు త్రోవలు త్రొక్కినది.

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్లు, విజయనగరము జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురము మండలములలో సుమారు 28 కిలోమీటర్లు సముద్రతీరము కలదు. బారువ కడ మహేంద్రతనయ, కళింగపట్నము కడ వంశధార, కళ్లేపల్లి కడ నాగావళి, కోనాడ కడ చంపావతి సముద్రమున గలియుచుండగా, ఆ సంగమముల కిరువైపుల పరచుకొన్న ఇసుకతిన్నెలు తాబేళ్లకు పురిటియిండ్లయినవి. ముప్పదియైదు మొదలు ఏబది కిలోల వరకు తూగు ఆడు తాబేలు జనవరి మొదలు ఏప్రిల్ వరకు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, నూరు, నూటయిరువది గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక సముద్రమునకు పోవును. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వెచ్చనైనచో ఆడువియు, చల్లనైనచో మగవియు అధికముగా పుట్టును. ఈ జిల్లాలకు ఉత్తరమున, ఒడిశాలోని గంజాం జిల్లా ఋషికుల్యా ముఖద్వారమున లక్షలకొలది తాబేళ్లు కొలది దినములలోనే కూడి గుడ్లు పెట్టుట కలదు. 2025 ఫిబ్రవరిలో అచ్చట లెక్కకు వచ్చినవి ఆరున్నర లక్షలకు మించినవి. ఉత్తరాంధ్ర తీరమున అట్టి మహాసమూహములు లేవు. ఇచ్చట అవి ఒంటరిగా, చెదరుమదురుగా ఎక్కును. కావుననే పరిశోధకుల దృష్టి చిరకాలము ఒడిశా మీదనే నిలిచి, సరిహద్దునకు ఈవలి తీరము ఉపేక్షితమైనది.

గార మండలములోని శ్రీకూర్మము విష్ణువు కూర్మరూపమున పూజలందుకొను అరుదైన క్షేత్రము. రెండు ధ్వజస్తంభములు, పశ్చిమాభిముఖుడైన దేవుడు, తూర్పు గాంగుల కాలపు శాసనములు ఈ ఆలయమునకు విశేషములు. ఆలయమునకు చేరిన ఉద్యానమున నక్షత్ర తాబేళ్లు సంరక్షింపబడుచున్నవి. వలలో పడిన తాబేలును దేవునిగా భావించి, పసుపుకుంకుమలు పెట్టి సముద్రమున విడుచు మత్స్యకారులు ఈ తీరమున నేటికిని కలరు. అయితే ఈ భక్తిని గూర్చి అతిశయముగా చెప్పుట తగదు. చేతివలలో చిక్కిన తాబేలును రక్షింపగల భక్తి, మరపడవ ఈడ్చు ట్రాలు వలలో అప్పటికే ఊపిరాడక చచ్చిన తాబేలునకు అక్కరకు రాదు.

రక్షణోద్యమము స్వదేశములోనే మొదలైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట కూడ ఒడిశా తీరము నుండి వేలకొలది తాబేళ్లు మాంసమునకై కలకత్తా అంగళ్లకు చేరుచుండెడివి. 1974లో బస్టర్డ్ అను శాస్త్రజ్ఞుడు గహిర్‌మాథా తీరమున వాని మహాసమూహములను లోకమునకు ఎరుకపరచిన తరువాతనే ఈ వ్యాపారముపై కన్ను పడినది. 1980ల తొలినాళ్ల నుండి కోస్తు రక్షక దళము ఓడలు తాబేళ్ల ఋతువులో పహరా కాయసాగినవి. అదే కాలమున దేశాంతర ఒడంబడికలును ఒక్కొక్కటిగా ఏర్పడుచుండెను. అంతరించిపోవు ప్రాణుల వర్తకమును నియమించు సైటీస్ ఒప్పందమున భారతదేశము 1976లో చేరినది. వలస ప్రాణుల రక్షణకై 1979లో బాన్ నగరమున కుదిరిన ఒప్పందమున 1983లో సభ్యత్వము గైకొన్నది. దక్షిణాసియా దేశముల పర్యావరణ సహకార సంస్థ 1982లో కొలంబో కేంద్రముగా వెలసినది. దాని ఆధ్వర్యమున 1995లో ఢిల్లీలో బంగ్లాదేశ్, భారతదేశము, మాల్దీవులు, పాకిస్తాను, శ్రీలంక కలసి దక్షిణాసియా సముద్రముల కార్యప్రణాళికను ఆమోదించినవి. బంగాళాఖాతపు మత్స్యకారుల మేలునకై 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన కార్యక్రమము 2003లో బంగ్లాదేశ్, భారతదేశము, మాల్దీవులు, శ్రీలంకల ప్రభుత్వాంతర సంస్థగా మారినది. వీనిలో ఏదియు తాబేలునకే ప్రత్యేకమైనది కాదు.

తాబేలునకై ప్రత్యేకించిన ప్రాంతీయ ఒడంబడిక పుట్టుటకు కారణము తాబేలుపై ప్రేమ కాదు, రొయ్యలపై ఆశ. ట్రాలు వలను సముద్రపు అడుగున ఈడ్చుకొనిపోవునపుడు రొయ్యలతోపాటు తాబేలును చిక్కును. ఊపిరితిత్తులతో శ్వాసించు జంతువగుటచే నీటిపైకి రాజాలక అది వలలోనే మరణించును. దీనికి విరుగుడుగా వల గొంతున ఏటవాలుగా ఇనుప కడ్డీల చట్రము నొకదానిని అమర్చి, రొయ్యలు కడ్డీల సందులగుండ సంచిలోనికి పోవునట్లును, తాబేలు చట్రమునకు తగిలి పైనున్న తలుపుగుండ వెలికి పోవునట్లును చేయు సాధనమును అమెరికా వారు కల్పించిరి. దీనిని మన రేవులలో పొడియక్షరములతో టెడ్ అందురు. ఈ సాధనము వాడని దేశముల నుండి సముద్రపు రొయ్యలు కొనరాదని 1989లో తాము చేసికొన్న శాసనమును, తమ న్యాయస్థానపు ఉత్తరువు ననుసరించి 1996 మే నెల నుండి లోకమందలి దేశములన్నిటికిని వారు వర్తింపజేసిరి. విశాఖపట్నము, కాకినాడ రేవుల నుండి రొయ్యలు పంపు వర్తకులకు ఇది పిడుగుపాటైనది.

భారతదేశము, పాకిస్తాను, మలేషియా, థాయిలాండు ఏకమై ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట అమెరికాపై వ్యాజ్యమాడినవి. పెక్కు విషయములలో ఏకాభిప్రాయమునకు రాని ఇరుగుపొరుగు రాజ్యములు రెండు తాబేలు చట్టమునకు ఎదురు నిలుచుటలో మాత్రము ఒకే పక్షమున చేరుట గమనింపదగినది. 1998 అక్టోబరు 12న అప్పీలు పీఠము తీర్పు చెప్పినది. తరుగుచున్న ప్రాణిని రక్షింపబూనుట సదుద్దేశమేయనియు, ఆ శాసనమును అమలుపరచిన తీరు మాత్రము పక్షపాతదూషితమనియు దాని సారాంశము. అమెరికా ఖండముల దేశములతో తాబేళ్ల రక్షణకై సంప్రదించి ఒడంబడిక చేసికొన్నవారు ఆసియా దేశములతో అట్టి సంప్రదింపులు నడపకయే నిషేధము విధించిరని పీఠము ఎత్తిచూపినది. న్యాయము వాదుల కెంత దక్కెనో తాబేలునకును అంత దక్కినది. ఏలయన, ఆ తీర్పు ఫలితముగా హిందూమహాసముద్ర ప్రాంతపు దేశములతో సంప్రదింపులు వేగిరపడి, బాన్ ఒప్పందము నీడన హిందూమహాసముద్ర, ఆగ్నేయాసియా ప్రాంతముల సముద్ర తాబేళ్ల అవగాహనా పత్రము రూపొంది, 2001 సెప్టెంబరులో అమలులోనికి వచ్చినది. మలేషియా మరల ఫిర్యాదు చేయగా, అదే సంవత్సరము అక్టోబరులో అప్పీలు పీఠము ఈ సంప్రదింపులను లెక్కలోనికి గొని అమెరికాకు అనుకూలముగా తీర్పరించినది.

శ్రీలంక, మయన్మారు, బంగ్లాదేశ్, పాకిస్తాను ఈ పత్రముపై ముందుగనే సంతకములు చేసినవి. ప్రపంచములోని ఆలివ్ రిడ్లే తాబేళ్ల మహాసమూహములలో కొన్నింటికి నెలవైన భారతదేశము 2007 ఫిబ్రవరి వరకు జాగుచేసినది. ఈ ఆలస్యమునకు సమర్థన కనుగొనుట కష్టము. ఈ పత్రము సంధి కాదు. దీనిని మీరిన దేశమునకు శిక్ష లేదు, పాటించిన దేశమునకు ధనసహాయమును లేదు. సభ్యదేశములు తమ తీరముల వార్తలను నివేదించుట, ఒకరి అనుభవమును మరియొకరు గ్రహించుట, పరిశోధకులు కలిసికొనుట ఇందలి ప్రయోజనములు. అవి స్వల్పములని త్రోసిపుచ్చరాదు. 2001 ఏప్రిల్‌లో భారత వన్యప్రాణి సంస్థ వారు ఒడిశాలోని దేవీనదీ ముఖమున నాలుగు తాబేళ్లకు ఉపగ్రహ సంకేత యంత్రములను అంటించి విడువగా, వానిలో ఒకటి శ్రీలంక తీరమునకు పోయినది. 2021లో గహిర్‌మాథా యొద్ద రెక్కకు బిళ్ల వేయబడిన మరియొక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రమున గుహాగర్ తీరమున గుడ్లు పెట్టుచు కనబడినది. ఒడిశా తీరమునకు వచ్చు ప్రాణి ఆంధ్రతీరము వెంబడి దక్షిణమునకు సాగుచు, ఒక దేశపు జలములలో మేసి, వేరొక కడలియొడ్డున గుడ్లు పెట్టునన్నది కేవలము ఊహ కాదని ఇట్లు తేలినది.

ఇదే తీరపు మనుష్యుల విషయము వేరు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు బ్రతుకుదెరువునకై గుజరాతులోని వేరావలునకు వలసపోయి బోట్లపై పనిచేయుట చిరకాలముగా నున్నది. 2018 నవంబరులో అచ్చట వేట సాగించుచు పాకిస్తాను జలములలో పట్టుబడిన ఈ ప్రాంతపువారిలో 20 మంది 2020 జనవరిలో మాత్రమే వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరిరి. తాబేలు హద్దు మీరుటను ఉభయ ప్రభుత్వములును సంతకములు చేసి అంగీకరించియున్నవి.

నక్షత్ర తాబేలు కథ ఇందులకు భిన్నము. వీపున పసుపుపచ్చని నక్షత్రములవంటి చారలు గల ఈ మెట్టతాబేలు భారతదేశము, పాకిస్తాను, శ్రీలంకలలో మాత్రమే సహజముగా నివసించును. దాని అందమే దానికి శత్రువైనది. ఇంట ఉంచుకొన్న అదృష్టము కలుగునను నమ్మకముచే ఆగ్నేయాసియా నగరములలో దీనికి గిరాకీ కలిగి, ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు మెట్టల నుండి మూటలుగా కట్టి చెన్నై మొదలగు విమానాశ్రయములగుండ పంపు ముఠాలు బయలుదేరినవి. దొంగిలింపబడు దేశమొకటి, అమ్ముడుపోవు దేశమొకటియగుటచే ఇచ్చట పోలీసుల సహకారమే ప్రధానమైనది. వన్యప్రాణి నేరములను కలసి అణచుటకు ఎనిమిది దక్షిణాసియా దేశముల కూటమి 2011 జనవరిలో భూటానునందు ప్రకటింపబడి, కాఠ్మాండు కేంద్రముగా పనిచేయుచున్నది. మన దేశపు వన్యప్రాణి నేర నియంత్రణ సంస్థ 2016 డిసెంబరు నుండి 2017 జనవరి వరకు నడపిన దాడులకు ఆపరేషన్ సేవ్ కూర్మ యని పేరిడినది. ఆ దాడులలో పదునైదు వేలకు మించిన తాబేళ్లు దొరకినవి. సింగపూరున పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లు 2018 నవంబరులో విమానమున బెంగుళూరునకు తిరిగివచ్చినవి. పోయిన ప్రాణి ప్రాణముతో మరలివచ్చిన ఇట్టి సందర్భములు అరుదు.

2019 ఆగస్టులో జెనీవా నగరమున జరిగిన సైటీస్ సభలో భారతదేశము, శ్రీలంక, బంగ్లాదేశ్, సెనెగల్ కలసి ప్రతిపాదింపగా నక్షత్ర తాబేలు మొదటి అనుబంధమునకు ఎక్కి, దాని దేశాంతర వర్తకము నిషిద్ధమైనది. సముద్రపు తాబేలు విషయమున పరులు తరుముకొనిరాగా చేతులు కలిపిన దేశములు, ఇచ్చట తమంత తాము ప్రతిపాదకులగుట ఈ ఇరువది యేండ్లలో వచ్చిన మార్పు. మరుసటి ఫిబ్రవరిలో బాన్ ఒప్పంద దేశముల పదమూడవ సమావేశము గాంధీనగరున జరిగినది. 2021 జనవరిలో భారత ప్రభుత్వము సముద్ర తాబేళ్ల జాతీయ కార్యప్రణాళికను వెలువరించినది.

తీరమున ఈ ప్రణాళికల ఛాయ ఎంతవరకు పడినదన్నది వేరు ప్రశ్న. అటవీశాఖయు స్వచ్ఛంద సంస్థలును గ్రామీణుల సాయమున గుడ్లను ఏరి, కుక్కలు, నక్కలు ముట్టకుండ కంచెవేసిన ఇసుకలో పూడ్చి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. పిల్లలను కాపాడుట సులభతరము. గుడ్లు పెట్టగల పెద్ద తాబేలును వలనుండి కాపాడుట కష్టము. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్లు టెడ్ సాధనమును మలచినను, దాని తలుపుగుండ రొయ్యలును కొన్ని జారిపోవునని బోట్లవారు దానిని ఇష్టపడరు. ఈ సాధనము వాడుకలోనికి రానందున భారతదేశపు సముద్రపు రొయ్యలకు అమెరికా అంగడి 2019 నుండి మరల మూతపడినది. చెరువులలో పెంచిన రొయ్యలకు ఈ నిషేధము లేదు గనుక ఎగుమతిదారులకు తొందర కలుగలేదు.

ఆంధ్రప్రదేశ్ 1994 నాటి చట్టము తీరమునకు 8 కిలోమీటర్ల లోపలి జలములను సంప్రదాయ పడవలకే ప్రత్యేకించినది. తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు. అది చేపల సంతానోత్పత్తి కాలము ననుసరించినది. తాబేళ్లు ఒడ్డునకు వచ్చు కాలము అప్పటికి ముగియవచ్చును. ఒడిశాలో ఋషికుల్య మొదలగు ముఖద్వారముల యెదుట నవంబరు మొదలు మే వరకు ఏడు నెలలు ట్రాలర్లకు ప్రవేశము లేదు. ఆంధ్ర సరిహద్దునకు ఈవల ఆ ఏర్పాటు వర్తింపదు. పొరుగు దేశములతో కుదిరినంత ఒప్పందము పొరుగు రాష్ట్రముతో కుదుర్చుకొనుట ఈ తీరమున ఇంకను జరుగవలసియున్నది.