ఏ పెట్టె పక్కన ఏ పెట్టె?

యుద్ధాల గురించి, పతకాల గురించి మన సంచికల్లో ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. గోడౌన్ గురించి రాసేవాడు మాత్రం కనపడడు. సర్వీసంతా స్టోర్ల మధ్యనే గడిపి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ పని నేను నెత్తినేసుకుంటున్నాను. చెప్పబోయేది ఒక ఓడ సంగతి. సరుకు ఓడంటే నీటి మీద తేలే గోడౌనే కదా!

1944 ఫిబ్రవరి 24న 'ఫోర్ట్ స్టికిన్' అనే 7,142 టన్నుల ఓడ ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి బయల్దేరింది. అందులో టార్పెడోలు, మైన్లు, గుళ్ళు అన్నీ కలిపి సుమారు 1,400 టన్నుల మందుగుండు ఉంది. స్పిట్‌ఫైర్ విమానాలు, బంగారం పెట్టెలు కూడా ఉన్నాయి. కరాచీలో కొంత సరుకు దింపారు. యుద్ధకాలంలో ఓడలకు కరువు. ఖాళీ అయిన చోటు వృథా పోకూడదని పత్తి బేళ్ళు, నూనె పీపాలు ఎక్కించారు. కెప్టెన్ నైస్మిత్ ఈ కలగాపులగం సరుకు మీద తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేశాడు. అయినా ఓడ కదిలింది. రెండో నంబరు అరలో అడుగున పత్తి, దాని పై అంతస్తులో పేలుడు పదార్థం. స్థలం లెక్కన చూస్తే అంగుళం కూడా వదలకుండా సర్దారు. మెచ్చుకోవాల్సిన సర్దుబాటే!

ఏప్రిల్ 12న ఓడ బొంబాయి విక్టోరియా డాకులోకి వచ్చింది. మందుగుండు ఉందని తెలిపే ఎర్ర జెండా దాని మీద ఎగరలేదు. జెండా లేకపోతే చుట్టుపక్కల ఓడలవాళ్ళకు, డాకు కూలీలకు అది మామూలు ఓడే. రెండు రోజులు గడిచినా మందుగుండు దింపడం పూర్తి కాలేదు. 14వ తేదీ మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో రెండో అర నుంచి పొగ కనపడింది.

అక్కడి నుంచి రెండు గంటల సేపు జరిగింది చదువుతుంటే నాబోటి డిపో మనిషికి చేతులు వణుకుతాయి. ఫైర్ బ్రిగేడుకు కబురు ఆలస్యంగా వెళ్ళింది. అరలోకి ఆవిరి వదిలి మంటను ఉక్కిరిబిక్కిరి చేసే ఏర్పాటును వాడలేదు. నీళ్ళే కొట్టారు, 900 టన్నులకు పైగా. మంట ఎక్కడుందో సరిగ్గా తెలియలేదు, పొగలో ఏమీ కనపడలేదు. ఓడను ఉన్నచోటే ముంచాలని ఒకరు, సముద్రంలోకి లాక్కుపోవాలని ఒకరు, ఇంకా ఆర్పుదామని మరొకరు. అందరూ అనుభవజ్ఞులే. చివరి మాట ఎవరిదో మాత్రం ముందుగా తేల్చుకున్నవాళ్ళు లేరు.

3.50కి ఓడ వదిలి పొమ్మన్నారు. 4.06కి మొదటి పేలుడు. పన్నెండు కిలోమీటర్ల దూరంలో కిటికీ అద్దాలు పగిలాయి. 4.34కి రెండో పేలుడు. ఫైర్ బ్రిగేడు వాళ్ళు 66 మంది పోయారు. మొత్తం మృతులు ఎనిమిది వందలనీ, పదమూడు వందలనీ రకరకాల లెక్కలున్నాయి. అభ్యంతరం రాసిపెట్టిన నైస్మిత్ కూడా పోయాడు. వార్త బయటికి పొక్కకుండా సెన్సార్ పట్టి ఉంచింది. మే రెండో వారం దాకా మన పత్రికలు వివరాలు వేయలేకపోయాయి.

విచారణ సంఘం పత్తినే మంటకు మూలంగా అనుమానించింది. మందుగుండు కింద పత్తి పెట్టడం, జెండా లేకపోవడం, దింపడంలో జాప్యం, ఆవిరి వాడకపోవడం, కబురు ఆలస్యం - తప్పుపట్టినవి ఇవీ. వీటిలో ఒక్కటైనా శత్రువు చేసిన పని ఉందా చూడండి.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఆర్డినెన్స్ కోర్ ట్రైనింగ్ అయి, ఒక డిపోలో కొత్తగా చేరిన రోజులవి. ఇష్యూ పని తొందరగా తెమలాలని ఫ్యూజుల పెట్టెలు కొన్ని గుళ్ళున్న షెడ్‌లోనే తలుపు పక్కన పెట్టించాను. ట్రక్కుకు పది అడుగులు కలిసొస్తుంది మరి. సాయంత్రం శ్రీకాకుళం వైపు హవల్దార్ గారొకరు వచ్చి చూశారు. అరవలేదు. "తమ్ముడూ, అగ్గిపెట్టె దిండు కింద పెట్టుకుని పడుకుంటావా?" అన్నారు. రాత్రి తొమ్మిదింటి దాకా ఆ పెట్టెలన్నీ నేనే మోశాను. ఆయనా ఒక చెయ్యి వేశారు.

మందుగుండుకు ఇప్పుడున్న వర్గీకరణలో ప్రతి రకానికీ ఒక ప్రమాద విభాగం అంకె, ఒక పొత్తు గుంపు అక్షరం ఉంటాయి. ఒక్కసారిగా మొత్తం పేలేవి 1.1. డిటొనేటర్లు 'బి' గుంపు, అధిక శక్తి పేలుడు పదార్థాలు 'డి' గుంపు. ఇవి రెండూ ఒక కప్పు కింద మామూలుగా ఉండకూడదు. షెడ్‌కూ షెడ్‌కూ మధ్య దూరం, చుట్టూ మట్టికట్ట, లోపలికి మేకుల బూట్లు రాకపోవడం, పాత లాటు ముందు బయటికి పోవడం... కుర్రాళ్ళకు చాదస్తంగా అనిపిస్తాయి. పాత లాటును వెనక్కి నెట్టి కొత్తది ముందు ఇచ్చేస్తే పని సులువే. అయితే వెనకపడ్డ లాటు వెనకే ముసలిదైపోతుంది, దాన్ని తెరిచి చూసే నాథుడుండడు.

2000 ఏప్రిల్ 28న భరత్‌పూర్ డిపోలో ఎండుగడ్డి నిప్పంటుకుని, ఆరుబయట టార్పాలిన్ల కింద ఉన్న మందుగుండుకు పాకింది. వందల కోట్ల సరుకు బూడిదైంది. గడ్డి కోయడమన్నది ఏ యుద్ధశాస్త్రంలోనూ లేని పని. కోయించకపోతే ఆ రోజుకు ఖర్చు మిగులుతుంది, అంతే. 2016 మే 31 తెల్లవారుజామున మహారాష్ట్రలోని పుల్‌గావ్ కేంద్ర మందుగుండు డిపోలో పేలుడు జరిగి, ఆఫీసర్లు, ఫైర్ సిబ్బందితో సహా పదహారు మందికి పైగా చనిపోయారు. అక్కడ అనుమానం లోపమున్న టాంకు విధ్వంసక మైన్ల మీదికి పోయింది. నిప్పు ఆర్పడానికి ఎదురెళ్ళినవాళ్ళే ఇక్కడా పోయారు, బొంబాయిలో లాగానే.

ఏప్రిల్ 8 మన ఆర్డినెన్స్ కోర్ దినం. 1775లో కలకత్తా ఫోర్ట్ విలియంలో ఆర్డినెన్స్ బోర్డు ఏర్పడిన రోజు. ఆ రోజు బడాఖానా ఉంటుంది, అందరికీ గుర్తుంటుంది. ఆరు రోజుల తర్వాత 14న ఫైర్ సర్వీస్ దినం. సైరన్ మోగుతుంది, బకెట్లు పట్టుకుని పరుగెత్తిస్తారు, రెండు నిమిషాలు మౌనం. మేం ఏటా నిలబడ్డాం. ఎవరి కోసమో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ 66 మంది కోసమని నాకు తెలిసింది పెన్షన్‌కు వచ్చాకే.