తూర్పు కోట గుమ్మం దగ్గర బట్టల బజారు

ఇవాళ మిమ్మల్ని దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఉన్న డోంగ్డేమున్ బట్టల బజారుకి తీసుకెళ్తాను. పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికితే, ఒక్కణ్ణే పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా అక్కడే తిరిగాను. అక్కడ ఏం కొనాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేస్తాను. ఆ బజారు ఎలా పుట్టింది, ఎవరి చేతుల మీదుగా నడిచింది అన్నదే ఇవాళ్టి కబురు.

డోంగ్డేమున్ అంటే తూర్పు పెద్ద గుమ్మం. జోసన్ రాజులు నగరం చుట్టూ కట్టించిన కోటగోడకి అది తూర్పు ద్వారం. ఇప్పుడు కనిపించేది 1869లో తిరిగి కట్టినది. చుట్టూ బస్సులూ కార్లూ తిరుగుతుంటే మధ్యలో పెంకుల కప్పుతో ఒంటరిగా నిలబడి ఉంటుంది. చార్మినార్ చూసినవాళ్ళకి ఆ దృశ్యం కొత్తేమీ కాదు.

గుమ్మం నుంచి పడమటివైపు కాస్త దూరం నడిస్తే గ్వాంగ్‌జాంగ్ బజారు వస్తుంది. ఇది 1905లో మొదలైంది. సరిగ్గా ఆ ఏడే జపాన్ కొరియాని తన రక్షిత రాజ్యంగా ప్రకటించుకుంది. నామ్డేమున్ అనే మరో పెద్ద బజారు మీద జపాన్ వాళ్ళ పట్టు బిగుస్తుంటే, కొరియా వర్తకులు కొందరు పెట్టుబడి పోగుచేసి, కంపెనీ పెట్టి, తమకంటూ ఒక బజారు ఏర్పాటు చేసుకున్నారు. పై అంతస్తులో ఇప్పటికీ పట్టు బట్టలూ, పెళ్ళి బట్టలూ అమ్ముతారు. కింద మాత్రం అంతా తిండి సందడే. నానబెట్టిన పెసరపప్పు తిరగలిలో రుబ్బి, నూనెలో దిబ్బరొట్టెంత మందంగా కాల్చి ఇస్తారు. పేరు బిందేతొక్. మన పెసరట్టుకి దూరపు చుట్టం అన్నమాట. శాకాహారులు మాత్రం పంది మాంసం కలిపారేమో అడిగి మరీ తినాలి.

ఈ పేటలోనే 1896లో పాక్ సుంగ్జిక్ అనే వర్తకుడు బట్టల కొట్టు పెట్టాడు. డూసాన్ అనే పెద్ద వ్యాపార సంస్థకి మూలం ఆ కొట్టే. ఆ సంస్థ 1999లో ఇక్కడే డూటా అనే పెద్ద భవనం కట్టి, లోపలంతా బట్టల దుకాణాలు పెట్టింది. 2020లో ఆ భవనాన్ని అమ్మేసింది.

ఇక్కడి నుంచి దక్షిణంగా నాలుగడుగులు వేస్తే చొంగ్గ్యేచొన్ వాగు. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులు చాలామంది ఈ వాగు ఒడ్డునే గుడిసెలు వేసుకున్నారు. చేతిలో ఉన్న విద్య కుట్టుపని. అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చిన యూనిఫారాలు, దుప్పట్లు తెచ్చి, రంగు మార్చి, విప్పి మళ్ళీ కుట్టి అమ్మేవాళ్ళు. 1950ల చివర ప్రభుత్వం వాగుని కాంక్రీటుతో కప్పేయడం మొదలుపెట్టింది. 1962లో దాని ఒడ్డున మూడంతస్తుల పొడవాటి భవనం ఒకటి తెరిచారు. పేరు ప్యోంగ్హ్వా బజారు. ప్యోంగ్హ్వా అంటే శాంతి. ఇల్లూ వాకిలీ యుద్ధంలో పోగొట్టుకున్నవాళ్ళు అంతకన్నా ఏం పేరు పెట్టుకుంటారు?

కింద దుకాణాలు, పైన కుట్టు మిషన్లు. స్థలం చాలక ఒక్కొక్క అంతస్తుని మధ్యలో చెక్కలు వేసి రెండు చేశారు. అలా పుట్టిన అటకల ఎత్తు మీటరున్నర. పెద్దవాళ్ళు నిలబడలేరు. వాటిలో పనిచేసేది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. దారాలు కత్తిరించి, ఇస్త్రీ చేసి, అందించే పిల్లల్ని షిదా అంటారు. పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళు కూడా ఉండేవాళ్ళు. రోజుకి పద్నాలుగు గంటల పని, నెలకి రెండే సెలవులు. గుడ్డ దుమ్ముతో గాలి నిండిపోయేది. పని ఎక్కువున్న రోజుల్లో నిద్ర రాకుండా మాత్రలు ఇచ్చేవాళ్ళు.

1964లో ఆ బజారుకి జొన్ తేయిల్ అనే పదహారేళ్ళ కుర్రాడు షిదాగా వచ్చాడు. తండ్రిది కూడా కుట్టుపనే. తరవాత గుడ్డ కత్తిరించే పనిలో కుదిరాడు. ఆకలితో ఉన్న షిదాలకి బస్సు డబ్బులతో తినడానికేదో కొనిపెట్టి, తను కొన్ని గంటలు నడిచి ఇంటికి చేరేవాడు. ఆ రోజుల్లో అర్ధరాత్రి దాటితే కర్ఫ్యూ. ఒక్కోసారి దారిలో పోలీసు ఠాణాలోనే తెల్లారేది.

పనివాళ్ళ కోసం ఒక చట్టం ఉందని అతనికి తండ్రి ద్వారా తెలిసింది. ఆ కార్మిక ప్రమాణాల చట్టం 1953లో, యుద్ధం ఇంకా ఆగకముందే చేసినది. రోజుకి ఎనిమిది గంటల పని, వారానికో సెలవు అన్నీ అందులో రాసి ఉన్నాయి. అతను ఆ పుస్తకం కొన్నాడు. నిండా చైనా అక్షరాలు. చదువు మధ్యలోనే ఆగిపోయిన కుర్రాడికి అది కొరుకుడు పడలేదు. కాలేజీలో చదివే స్నేహితుడు ఒక్కడుంటే బాగుండునని అనుకునేవాడట. 1969లో తోటి కత్తిరింపు పనివాళ్ళతో కలిసి ఒక సంఘం పెట్టి, దానికి తెలివితక్కువవాళ్ళ సంఘం అని పేరు పెట్టాడు. ఇంత చట్టం ఉండగా తెలుసుకోకుండా బతికాం, మనం మూర్ఖులమే కదా అని.

కొరియాలో అతని పేరు చెప్పగానే అందరూ అతని మరణం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అంతకుముందు రెండేళ్ళు చేసిన పనే పెద్దదిగా కనిపిస్తుంది. ప్రశ్నపత్రాలు అచ్చు వేయించి పనివాళ్ళకి పంచాడు. ఎన్ని గంటలు పని, ఎన్ని సెలవులు, ఒంట్లో ఏం బాధ అని. యజమానుల భయం మధ్య 126 పత్రాలు తిరిగి వచ్చాయి. దేశాధ్యక్షుడికి ఒక ఉత్తరం కూడా రాసుకున్నాడు గానీ అది చేరనే లేదు. పద్నాలుగు గంటల పనిని పది, పన్నెండు గంటలకి తగ్గించమనీ, ఆదివారాలు సెలవు ఇమ్మనీ, ఆరోగ్య పరీక్షలు నిజంగా చేయించమనీ, షిదాలకి ఇచ్చే 70 నుంచి 100 వాన్ రోజు కూలిని సగం పెంచమనీ అందులో కోరాడు. చట్టం ఇస్తానన్నదానికంటే అతను అడిగింది తక్కువ, గమనించారా!

1970 అక్టోబర్ 7న క్యుంగ్యాంగ్ అనే పత్రిక ఆ అటకల సంగతి అచ్చు వేసింది. పనివాళ్ళు ఆ సంచికలు కొని బజారంతా పంచారు. అధికారులు మాట ఇచ్చారు, వాయిదా వేశారు. చివరికి నవంబర్ 13న బజారు ముందు ఆ చట్టం పుస్తకాన్ని తగలబెట్టి నిరసన చెప్పాలనుకున్నారు. పోలీసులు చెదరగొట్టారు. జొన్ తేయిల్ ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ రాత్రే ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్ళు.

తల్లి ఈ సోసన్, కొడుకు అడిగినవి ఒప్పుకుంటే తప్ప అంత్యక్రియలు జరపనని పట్టుబట్టింది. నవంబర్ 27న చొంగ్గ్యే దుస్తుల కార్మిక సంఘం ఏర్పడింది. 1981లో సైనిక ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆవిడ జైళ్ళకి వెళ్తూ వస్తూ 2011లో చనిపోయేదాకా కార్మికుల వెంటే ఉంది. లాయర్ చో యంగ్రే రాసిన జొన్ తేయిల్ జీవితచరిత్ర 1983లో రచయిత పేరు లేకుండానే వచ్చింది.

ఇప్పుడు కాంక్రీటు లేదు. దాని మీద కట్టిన ఎత్తు రోడ్డూ లేదు. 2003లో పగలగొట్టడం మొదలుపెట్టి, 2005లో వాగుని మళ్ళీ బయటికి తెచ్చారు. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని జంటలు కూర్చుంటాయి. బజారు ముందున్న వంతెన మీద అతని కంచు విగ్రహం నడుము దాకా ఉంది. వాగు వెంబడి ఇంకా పడమటికి వెళ్తే 2019లో తెరిచిన స్మారక భవనం వస్తుంది. దాని ముఖం మీద అతను కార్మిక అధికారికి రాసిన ఉత్తరాన్ని అక్షరాలుగా పరిచారు. లోపల ఆ అటకని మళ్ళీ కట్టి చూపించారు. నేను వంగి లోపలికెళ్ళి, రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాను.

బజారు దగ్గరికి తిరిగొస్తే, దక్షిణాన వెండి రంగు తిమింగలంలా మెరిసే భవనం ఒకటి. జహా హదీద్ గీసిన డిజైన్ ప్లాజా, 2014లో తెరిచారు. అక్కడ అంతకుముందు స్టేడియం ఉండేది. 1925లో జపాన్ పాలకులు కోటగోడలో కొంత భాగం కూలగొట్టి కట్టినది. చొంగ్గ్యేచొన్ పనులప్పుడు రోడ్డున పడ్డ పాత సామాన్ల వర్తకులకి చోటిచ్చింది కూడా ఆ స్టేడియమే. దాన్ని పడగొట్టేటప్పుడు వాళ్ళు మరోచోటికి సర్దుకోవలసి వచ్చింది. తవ్వితే పాత గోడా, రెండు కమానుల నీటి ద్వారమూ బయటపడ్డాయి. అవి ప్లాజా పక్కనే ఉన్నాయి.

చీకటి పడుతుండగా గుమ్మానికి ఉత్తరాన ఉన్న చాంగ్‌సిన్ పేట ఎక్కాను. నిట్టనిలువు సందులు. 1970ల నుంచి బజారులోని మిషన్లు మెల్లగా ఇక్కడి ఇళ్ళలోకి వచ్చేశాయి. బోర్డులు లేని గదుల్లోంచి మిషన్ చప్పుడు, ఇస్త్రీ ఆవిరి. కుట్టేవాళ్ళలో చాలామంది అరవైకి దగ్గరపడ్డ ఆడవాళ్ళు, పాతికేళ్ళ లోపు మొహం ఒక్కటీ నాకు కనిపించలేదు. గుడ్డ తానులు వేసుకుని మోటారు సైకిళ్ళు పైకెక్కుతుంటాయి, కుట్టిన మూటలతో కిందికి దిగుతుంటాయి.

అర్ధరాత్రి టోకు దుకాణాలు దీపాల మధ్య కిటకిటలాడుతున్నాయి. ఊళ్ళ నుంచి వచ్చిన కొట్లవాళ్ళు భుజాన పెద్ద సంచులతో బేరాలాడుతున్నారు. కాలిబాట మీద తెల్లారేలోపు వెళ్ళాల్సిన మూటలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. వాటి మీద ఏ ఊరికి పోవాలో మార్కర్‌తో పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది. కుట్టినవాళ్ళ పేరు మాత్రం దేని మీదా లేదు.