టైమ్ మెషీన్ 1526లో ఆగితే అక్కడ మనవాళ్ళుంటారా?



"ఆదిత్య 369" 1991 జూలై 18న రిలీజైంది. డైరెక్టర్ సింగీతం శ్రీనివాసరావు. హెచ్.జి. వెల్స్ 1895లో నవలగా రాసిన టైమ్ మెషీన్ ఖయాల్‌ని తీసుకుని, జంధ్యాల మాటలతో నవ్వులు కలిపి తెలుగు చేశారు. హీరో బాలకృష్ణ మెషీన్ ఎక్కి 1526 నాటి విజయనగరానికి వెళతాడు. అక్కడ కృష్ణదేవరాయలూ బాలకృష్ణే! తర్వాత మజిలీ 2504.

మన గుంటూరు మొహల్లాల్లో ఈ సినిమా దీవానాలు నాకు చాలామందే తెలుసు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లకొస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. సైన్స్ ఫిక్షన్ దీవానాలకు ఒక ఆదత్ ఉంటుంది. సినిమా ఖతమైనా వాళ్ళ బహస్ ఖతం కాదు. గతంలోకి వెళ్ళి చిన్న పని చేసొస్తే ఇవాళ ఏం మారుతుందని చాయ్ చల్లారేదాకా వాదించుకుంటారు.

అలాంటి బహస్‌లోనే ఒక పదో తరగతి పిల్లాడు నన్నడిగాడు: "చాచా, మనం మెషీన్ ఎక్కి 1526కి వెళితే అక్కడ మనవాళ్ళుంటారా?"

అందరూ నవ్వారు. కానీ జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. స్కూల్లో మేం చదివిన 1526 అంటే పానిపట్టు, బాబర్ ఫౌజ్. విజయనగరం అంటే సుల్తానుల దుష్మన్. నా ఉర్దూ మీడియం పాఠాల్లోనూ అంతే ఉండేది. డిగ్రీలో తెలుగు తీసుకుని రాయల కాలం చదివాకే తారీఖ్‌లో తక్కిన పేజీలు కనబడ్డాయి.

హంపీలో ఒక మస్జిద్ ఉంది. రెండో దేవరాయల కొలువులో పనిచేసిన అహ్మద్ ఖాన్ 1439లో కట్టించాడు. అక్కడి శాసనం దాన్ని ధర్మశాల అంటుంది. తన రాజుకు పుణ్యం కలగాలని కట్టించినట్టు చెబుతుంది. పుణ్యం అంటే మన మాటలో సవాబ్. సినిమా హీరో మెషీన్ దిగేనాటికి ఆ మస్జిద్ వయసు 87 ఏళ్ళు.

మన కొండవీటి కోటను 1515లో గెలిచింది కృష్ణదేవరాయలే. 1520 ప్రాంతంలో ఆయన ఫౌజ్‌ని కళ్ళారా చూసిన పోర్చుగీసు ముసాఫిర్ డొమింగో పేస్, డాళ్ళూ తుర్కీ విల్లులూ పట్టుకుని నిలబడ్డ ముస్లిం సిపాయిల గురించి కూడా రాశాడు.

రాయలు బీజాపూర్ సుల్తానుతో రాయచూరు కోసం జంగ్ చేశాడు. అదీ తారీఖే, దాచక్కర్లేదు. కానీ ఒక్క జంగ్‌నే చెప్పి, మస్జిద్‌నీ సిపాయిలనీ వదిలేస్తే మన పిల్లలు ఈ నేలమీద తమను తాము మెహమాన్లనుకుంటారు.

సినిమా కథ దర్బారు చుట్టూ తిరుగుతుంది. తెనాలి రామకృష్ణుడు, రాజనర్తకి, బోలెడంత మజా. నవ్వించే సినిమా నుంచి తారీఖ్ మొత్తం అడగడం ఇన్సాఫ్ కాదు. తక్కినది ఇంట్లో పెద్దలు చెప్పుకోవాలి.

"ఉంటారు బేటా. నమాజ్‌కి మస్జిద్ కూడా ఉంటుంది" అన్నాను.

వాడు ఊరుకుంటాడా? "మరి 2504లో?"

ఆ సవాల్‌ని ఈ రాత్రి మీ దస్తర్‌ఖాన్ దగ్గర పెట్టండి. పిల్లలేమంటారో వినండి. ఖుదా హాఫిజ్.