బొమ్మ డ్రైవర్, నిజం రైలు

1926 జూలై 23, శుక్రవారం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, కాటేజ్ గ్రోవ్ ఊరి దగ్గర రౌ నది. మధ్యాహ్నం ఎండ. గట్ల మీద వేలమంది జనం. నది మీద సినిమా కోసమే కట్టిన కొయ్య వంతెన. కూలేటప్పుడు మొరాయించకుండా దాని దూలాల్ని ముందే కోసి పెట్టారు. ఆరు కెమెరాలు అటే చూస్తున్నాయి. ఇవతల ఆవిరి చిమ్ముతూ ఓ ఇంజన్. డ్రైవర్ జాగాలో ఉన్నది మనిషి కాదు, బొమ్మ.

ఇంజన్ మాత్రం నిజమే. కలప మోసిన పాత ఇంజన్‌కు అంతర్యుద్ధం నాటి వేషం వేశారు. పడితే ఒక్కసారే పడాలి. షాట్ చెడిపోతే ఇంజనూ పోతుంది, వంతెనా పోతుంది. సైగ ఇంకా అందలేదు.

ఈ సినిమా తీస్తున్న హాస్యనటుడు బస్టర్ కీటన్‌కు రైలు పిచ్చి కొత్త కాదు. మూడేళ్ల కిందట ‘అవర్ హాస్పిటాలిటీ’ కోసం 1829 నాటి స్టీఫెన్‌సన్ ‘రాకెట్’ ఇంజన్‌ను అచ్చుగుద్దినట్టు పూర్తి సైజులో చేయించాడు. పొడుగాటి పొగగొట్టం, వెనక గుర్రబ్బండ్ల మాదిరి పెట్టెలు. వెంట వచ్చే కుక్క కూడా వెనకబడనంత నింపాది నడక. సినిమాలో దాన్ని నడిపేది కన్నతండ్రి జో కీటన్. రైల్లో ఉన్నంతసేపూ నవ్వులే. నది దగ్గర నవ్వు ఆగిపోయింది.

కాలిఫోర్నియాలో ట్రకీ నది. వడిలో కొట్టుకుపోయే సీను. కీటన్‌ను పట్టి ఉంచిన తీగ పుటుక్కున తెగింది. ఇక నటన లేదు, నది ఎటు ఈడిస్తే అటు, రాళ్లకు ఒరుసుకుంటూ, నురగ మింగుతూ, చేతికందిన కొమ్మనల్లా పట్టుకోబోయి జారిపోతూ కొట్టుకుపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఎలాగో గట్టున పడ్డాడు. ఆ షాట్ సినిమాలో అట్లే ఉంది. తర్వాత తీయాల్సింది జలపాతం. మళ్లీ నదికి పోతాడా?

పోలేదు. హాలీవుడ్‌లో సెట్ వేయించాడు. కింద నీళ్ల తొట్టి, వెనక బుల్లి కొండలు. ప్రాణం పోయే చోట మాయే మేలని తేల్చుకున్నాడు. ఇనుము పోయే చోట?

రౌ నది దగ్గర సైగ అందింది. ఇంజన్ కదిలింది. వంతెన మధ్యకు చేరింది. దూలాలు ఫెళఫెళమన్నాయి, నడుం విరిగిన వంతెనతో పాటు ఇంజన్ పొగా ఆవిరీ కక్కుకుంటూ ముక్కు కిందికేసి నీళ్లలో కూలింది. బొమ్మను మనిషనుకుని గట్టు మీద కొందరు కెవ్వుమన్నారు. ఖర్చు 42 వేల డాలర్లంటారు. తుక్కు కోసం రెండో ప్రపంచయుద్ధ కాలంలో బయటికి లాగేదాకా ఇంజన్ ఆ నదిలోనే ఉంది. కీటన్ కథ మాత్రం అక్కడ ఆగలేదు.

సరిగ్గా 84 ఏళ్లకు, 2010 జూలై 23న, ‘మర్యాద రామన్న’ విడుదలైంది. ‘అవర్ హాస్పిటాలిటీ’ కథను రాజమౌళి రాయలసీమకు తెచ్చాడు. పగవాళ్లింటికే అతిథిగా వచ్చిన కుర్రాడు. గడప లోపల మర్యాద, బయట కత్తి. షూటింగ్‌కు జమ్మలమడుగు దగ్గరి గండికోట, పెన్న కోసిన ఎర్రరాళ్ల లోయ. కథలో సునీల్ రైల్లోనే సీమకు వస్తాడు. ఈ పక్క నిజం రైలు ఆలస్యంగా వచ్చింది. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాల దాకా ప్యాసింజర్ నడిచింది 2016లో. రాజమౌళికి మాత్రం రైలుతో పని అయిపోలేదు.

2022 మార్చి 25న ‘ఆర్‌ఆర్‌ఆర్’. వంతెన మీద రైలు భగ్గుమంది. కింద నదిలో పడవ, పడవలో పిల్లోడు. పైన ఒకరు గుర్రం మీద, ఇంకొకరు బైకు మీద. మంటల కింద పసివాడుంటే నిజం రైలు ఎవరు తగలబెడతారు? ఆ భారం వి. శ్రీనివాస్ మోహన్ పర్యవేక్షించిన గ్రాఫిక్స్ మోసింది. అయితే ఇనుప ఇంజన్ల రోజులు చెల్లినట్టేనా?

లేదు. 2021 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, క్వారీ అంచు దాకా పట్టాలు వేసి, సినిమా కోసమే తయారుచేసిన పూర్తి సైజు ఆవిరి ఇంజన్‌ను లోయలోకి వదిలేశారు. సినిమా ‘మిషన్ ఇంపాసిబుల్: డెడ్ రెకనింగ్’. అందులోనే నార్వే కొండ మీంచి బైకుతో స్వయంగా దూకిన టామ్ క్రూజ్ కూడా, పడిపోయే ఆ ఇంజన్ ఎక్కలేదు.