బుట్టలు అల్లిన చేతులే బాటిళ్లు ఏరుతున్నాయి

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

హాస్టల్లో ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి ఫ్రెండ్స్ మమ్మల్ని అడుగుతుంటారు, "కోనసీమలో కూడా ఎస్టీలు ఉంటారా? అక్కడంతా కొబ్బరి తోటలే కదా" అని. ఉంటాం. తక్కువమందిమే. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఊరి చివర్న ఉండే ఎరుకలోళ్లం మేం. ఇప్పుడు మాలో చాలా ఇళ్లు పాత సామాన్ల మీదే బతుకుతున్నాయి. తెల్లారకముందే సంచి భుజానేసుకుని బాటిళ్లు, విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బిందెలు ఏరి, కాటా వేసే కొట్లో కిలోల లెక్కన అమ్ముతారు. ఇదే మా కులవృత్తి అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు. ఇది మా చేతికొచ్చేముందు రెండు పనులు పోయాయి. ఆ కథే రాస్తున్నాం.

మొదట పోయింది ఉప్పు. మాలో ఉప్పు ఎరుకల అనే శాఖ ఉంది, పేరులోనే పని ఉంది. మమ్మల్నే తమిళం వైపు కొరవలని, కన్నడం వైపు కొరచలని అంటారు. సముద్రపు ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చేవాళ్లు. అంటే వ్యాపారులు! మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యాపారం ఎలా కూలిందో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశారు. రైళ్లొచ్చి సరుకు లాక్కున్నాయి. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. మా డెల్టాలో అయితే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల్లో పడవలు తిరిగాయి, పడవ మోసే బరువు ముందు గాడిద ఎంత? గౌతమి దాటి అమలాపురానికి రైలు ఇప్పటికీ రాలేదు గానీ రైలు దెబ్బ మా తాతలకి నూట యాభై ఏళ్ల కిందటే తగిలింది.

పని పోయి ఊళ్లు పట్టి తిరుగుతున్నవాళ్లని సర్కారు ఏమని రాసుకుందో తెలుసా? దొంగలని. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక మనిషి తప్పు చేశాడా లేదా అని చూడక్కర్లేదు, కులం మొత్తాన్ని నోటిఫై చేసేయొచ్చు. పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పలికించుకునేవాళ్లు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే, దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. పాత సామాన్లు ఏరుకునేవాళ్లు వీధిలోకొస్తే "జాగ్రత్త, తలుపులేసుకోండి" అని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు మీరూ చూసే ఉంటారు. అలాంటి మెసేజ్ మా వాళ్ల ఫొటోతో మా ఫోన్లకే వచ్చింది ఒకసారి. అది పెట్టిన మనిషి పేరు ఇక్కడ వద్దు.

రెండోది బుట్ట. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాం, ఎందుకంటే ఇది మా నాయనమ్మల చేతుల్లో మేం కళ్లారా చూసిన పని. వెదురు చీల్చి దబ్బలు తీసేవాళ్లు దబ్బ ఎరుకల. ఈతపుల్లలతో అల్లేవాళ్లు ఈతపుల్లల ఎరుకల. మగ్గం నేసేవాళ్లకి కుంచెలు కట్టేవాళ్లు కుంచెపురి ఎరుకల. ఒక్కో శాఖకి ఒక్కో చేతిపని. పచ్చి వెదురుని నిలువునా చీల్చి, కత్తితో గీకి, వేలికి గుచ్చుకోకుండా నున్నగా చెయ్యడానికే సగం రోజు పోతుంది. అడుగు అల్లేటప్పుడు కాలి బొటనవేలితో తొక్కిపట్టాలి. పొలంలోకి తట్ట, ధాన్యానికి గంప, చెరగడానికి చేట, కోళ్లకి గూడు. డెల్టాలో వరి, అరటి, కొబ్బరి, చేప ఏది కదలాలన్నా ఒక బుట్ట ఉండాల్సిందే. ఇప్పుడు పెళ్లికూతుర్ని మేనమామలు మోసుకొచ్చే గంప ఒక్కటే మిగిలినట్టుంది. అది కూడా అద్దెకిస్తున్నారట!

ఈ పనికి మొదటి దెబ్బ అడవి చట్టంతో తగిలింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత వెదురు కొట్టుకోవడం మా ఇష్టం కాకుండా పోయింది. రెండో దెబ్బ ప్లాస్టిక్. పాలిథిన్‌ని 1933లో ఇంగ్లండులో అనుకోకుండా కనిపెట్టారు. చేతిసంచి ఆకారంలో ఉండే కవరుకి స్వీడన్ కంపెనీ ఒకటి 1965లో పేటెంటు తీసుకుంది. మన ఊళ్లకి వచ్చేసరికి అది బిందె, టబ్బు, చేట, తట్ట అన్నీ అయిపోయింది. తేలిక, చౌక, వానకి పాడవదు. కొన్నవాళ్లని తప్పుపట్టలేం, మా ఇంట్లో కూడా ప్లాస్టిక్ చేటే ఉంది. వెదురుని అడవి బయట కొట్టుకోవడానికి చెట్టు లెక్క నుంచి తీసేసింది 2017లో. అప్పటికి బుట్ట అడిగేవాళ్లేరీ?

అలా ఏ ప్లాస్టిక్ మా పని తీసేసిందో, దాన్నే ఏరుకుంటున్నాం. దీన్ని చదువు అక్కర్లేని పని అంటారు గానీ, బాటిల్ అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడకుండానే మా అమ్మలు రకం చెప్పేస్తారు. నలిపితే చప్పుడొచ్చేది ఒకటి, వంచితే తెల్లగా గీత పడేది ఒకటి. నీళ్ల బాటిల్, పాల కవరు, గట్టి బిందె వేరు చేస్తేనే రేటు. కలిసిపోతే ఎవడూ కొనడు. పొడిచేసి, కరిగించి, గింజలు చేసే మిల్లు దాకా వెళ్లే సరుకు శుభ్రంగా ఉందంటే అది ఈ చేతుల వల్లే. చిప్స్ ప్యాకెట్టుకి మాత్రం ఏ కొట్లోనూ రేటు లేదు, అందుకే కాలవల్లో తేలేవన్నీ అవే.

సర్కారు కాగితాల్లో కూడా ఈ మధ్య కదలిక ఉంది. 2016 ప్లాస్టిక్ నిబంధనలు మొదటిసారి పల్లెలకీ వర్తించాయి. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద కేంద్రాల షెడ్లు వేశారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని వస్తువులు నిషేధించారు. అదే 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో, చెత్త ఏరేవాళ్ల సంఘాల్ని గుర్తించి పనిలో కలుపుకోవాలని పట్టణాలకి స్పష్టంగా రాశారు. గ్రామ పంచాయతీ దగ్గరికొచ్చేసరికి ఆ మాట అంత గట్టిగా లేదు. షెడ్డు లెక్కలో ఉంది, అప్పటిదాకా ఏరినవాళ్లు లెక్కలో లేరు. మాకు గుచ్చుకునేది ఇదే.

పుణెలో ఇలా జరగలేదు. అక్కడ ఏరేవాళ్లు 1993లోనే యూనియన్ పెట్టుకున్నారు, మున్సిపాలిటీ ముద్రతో గుర్తింపు కార్డులు తెచ్చుకున్నారు, తర్వాత స్వచ్ఛ్ అనే సహకార సంఘం పెట్టి ఇంటింటి చెత్త సేకరణ పనే చేతిలోకి తీసుకున్నారు. మెడలో కార్డు ఉన్న మనిషిని చూసి తలుపులేసుకోరు కదా.

సెలవులకి ఊరెళ్లినప్పుడు మేం కొంతమందిమి కలిసి ఏరేవాళ్ల పేర్లు, ఎన్నేళ్లుగా చేస్తున్నారో, అంతకుముందు ఇంట్లో ఏ పనో ఒక నోట్‌బుక్కులో రాస్తున్నాం. అమలాపురం మున్సిపాలిటీకి ఒక అర్జీ, మా పంచాయతీలకి ఒక అర్జీ పెడతాం. రాజోలు, కొత్తపేట వైపు ఎవరైనా ఉంటే కలవండి. ఇంకోటి, మీ ఇళ్లలో పెద్దోళ్లకి బుట్టల పేర్లు మన కుర్రు భాషలో గుర్తుంటే కింద రాయండి. మా నాయనమ్మకి నాలుగే గుర్తున్నాయి.